కరివేపాకు ఏ ఇంటి మొక్క?

జీవశాస్త్రం పుస్తకం తెరిచిన ప్రతి పిల్లవాడికీ ఎప్పుడో ఒకప్పుడు వచ్చే అనుమానం ఇది. కరివేపాకును కరివేపాకు అంటే సరిపోదా? ముర్రయా కోనిగీ అంటూ నోరు తిరగని పేరు బట్టీ పట్టడం దేనికి? పెద్దయ్యాక దీనికి ఇంకో ప్రశ్న తోడవుతుంది. సరే, కష్టపడి ఆ పేరే నేర్చుకున్నాం. ఇప్పుడది ముర్రయా కాదు, బెర్గెరా కోనిగీ అంటున్నారు. పెట్టిన పేరు మార్చడమేమిటి? రేపు మళ్ళీ మార్చరని ఏమిటి నమ్మకం?

రెండూ న్యాయమైన ప్రశ్నలే. మొదటిదానికి జవాబు చిన్నది. రెండోదాని వెనక రెండున్నర శతాబ్దాల కథ ఉంది. అందులో కొంత మన కాకినాడలోనూ విశాఖపట్నంలోనూ నడిచింది.

ఊరికో పేరు

కోస్తాలో గోరుచిక్కుడు, తెలంగాణలో గోకరకాయ, రాయలసీమలో మటిక్కాయ. మూడూ ఒకటే. ఇదంత పెద్ద చిక్కు కాదు, బజారులో వేలు పెట్టి చూపిస్తే పని జరిగిపోతుంది. అసలు చిక్కంతా ఒకే పేరు రెండింటికి ఉన్నప్పుడు వస్తుంది. గోదావరి జిల్లాల్లో ఆనపకాయ అంటే సొరకాయ. సీమలో అనపకాయ అంటే చిక్కుడు వంటి గింజల కాయ. ఒకటి గుమ్మడి కుటుంబం, ఇంకొకటి పప్పుధాన్యాల కుటుంబం. కూరగాయల్లో అయితే నవ్వుకుని ఊరుకోవచ్చు, మందుల్లో కుదరదు. బ్రాహ్మి పేరుతో మన దేశంలో రెండు వేర్వేరు మొక్కలు చలామణీలో ఉన్నాయి. ఒకటి నీటి ఒడ్డున పాకే బాకోపా, రెండోది మనం సరస్వతి ఆకు అనే సెంటెల్లా. చీటీ మీద బ్రాహ్మి అని మాత్రమే రాసి ఉంటే పొట్లంలోకి ఏది వస్తుందో కొట్టువాడి మీద ఆధారపడి ఉంటుంది.

అంటే ప్రపంచమంతటా ఒక ప్రాణికి ఒకే పేరు, ఒక పేరుకు ఒకే ప్రాణి ఉండాలి. ఈ సంగతి ఐరోపా పండితులకు చాలాకాలంగా తెలుసు. వాళ్ళు పట్టిన దారే పొరపాటు. పేరులోనే మొక్క వర్ణనంతా ఇరికించేవారు. మన పొలం గట్ల మీద మొలిచే కుపంటికి దగ్గర చుట్టమైన ఒక మొక్క ఉంది. దాని లాటిన్ పేరుకు అర్థం చెప్పుకుంటే ఇలా ఉంటుంది: ఏటేటా మొలిచేది, విపరీతంగా కొమ్మలు వేసేది, ఆ కొమ్మలు కోణాలు తేలి నున్నగా ఉండేది, ఆకుల అంచుకు రంపపు పళ్ళున్నది అయిన ఫైసాలిస్. కొత్తగా ఇంకో ఫైసాలిస్ దొరికితే రెంటికీ తేడా తెలియడానికి ఆ పేరు ఇంకో రెండు మాటలు పెరిగేది.

స్వీడన్ దేశపు వైద్యుడు కార్ల్ లిన్నేయస్ 1753లో దాదాపు 6,000 మొక్కలను ఒక గ్రంథంలో వరసపెట్టాడు. అందులోనూ అసలు పేర్లు ఈ పొడుగు వర్ణనలే. కాకపోతే పుట అంచున, గుర్తు కోసమని, ఒక్కో మొక్కకూ ఒక్కో మాట చేర్చాడు. పైన చెప్పిన మొక్కకు అలా దక్కిన మాట ఆంగ్యులేటా. ఫైసాలిస్ ఆంగ్యులేటా, అయిపోయింది. అంచున రాసిన ఆ మాటలే నిలిచి, నడిమధ్య రాసిన పేర్లన్నీ మూలపడ్డాయి. జంతువులకు ఇదే పద్ధతిని 1758లో వర్తింపజేశాడు. ఇప్పటికీ మొక్కల పేర్ల లెక్క 1753 నుంచి, జంతువుల పేర్ల లెక్క 1758 నుంచి మొదలవుతుంది.

రెండు మాటల్లో మొదటిది ప్రజాతి, ఇంగ్లీషులో జీనస్. రెండోది జాతిని చెబుతుంది, దాన్ని స్పీషీస్ అంటారు. ఈ ఏర్పాటు తెలుగువాడికి అర్థమైనంత సులువుగా తెల్లవాడికి అర్థం కాదేమో, ఎందుకంటే ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత రాసే అలవాటు మనకే ఉంది. ప్రజాతి ఇంటిపేరు. రెండో మాట ఆ ఇంట్లో పిల్లకు పెట్టిన పేరు. ఎవరినైనా దత్తత ఇస్తే ఇంటిపేరు మారుతుంది, సొంత పేరు మాత్రం అదే ఉంటుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే మిగతా కథ అంతా తేలిక.

కాకినాడలో కన్నుమూసిన శిష్యుడు

కరివేపాకు సొంత పేరు కోనిగీ. అది యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ అనే వైద్యుడిది. లిన్నేయస్ దగ్గర చదువుకుని 1768లో తమిళ తీరంలోని తరంగంబాడికి, అప్పటి డేనిష్ స్థావరానికి, మిషన్ వైద్యుడిగా వచ్చాడు. జీతం చాలక ఆర్కాటు నవాబు కొలువులో కొన్నాళ్ళు, తర్వాత ఈస్టిండియా కంపెనీలో పనిచేశాడు. తీరం పొడుగునా తిరిగి మొక్కలు ఎండబెట్టి గురువుకు పంపేవాడు. ఆ మొక్కల్లోంచి లిన్నేయస్ 1771లో కరివేపకు శిష్యుడి పేరే పెట్టాడు: బెర్గెరా కోనిగీ. కోనిగ్ 1785లో జిగట విరేచనాలతో కాకినాడ జగన్నాథపురంలో చనిపోయాడు. చివరి రోజుల్లో వైద్యం చూసినవాడు విలియం రాక్స్‌బర్గ్. సామర్లకోటలో తోట వేసి, కోరమండల్ తీరపు మొక్కల మీద మూడు పెద్ద సంపుటాలు బొమ్మలతో తెచ్చిన రాక్స్‌బర్గ్ ఇతడే. కోనిగ్ ఉద్యోగం విశాఖపట్నంలో ఉన్న పాట్రిక్ రసెల్‌కు దక్కింది.

రసెల్ పాముల మనిషి. 1796లో అచ్చయిన అతని పుస్తకంలో పాములకు లాటిన్ పేర్లకు బదులు స్థానికులు చెప్పిన పేర్లే ఇంగ్లీషు అక్షరాల్లో కనిపిస్తాయి. అందులో ఒకటి బంగారు పాము. ఫ్రెంచి శాస్త్రవేత్త డోడాన్ 1803లో ఆ మాటనే లాటిన్‌లోకి వంచి బంగారస్ అనే ప్రజాతిని ఏర్పాటు చేశాడు. కట్లపాముతో సహా ఆ గుంపు పాములన్నింటికీ, అవి చైనాలో ఉన్నా ఇండోనేషియాలో ఉన్నా, శాస్త్రలోకంలో ఇంటిపేరు మన తెలుగుమాటే. రసెల్‌కు ఆ పేరు ఎవరు చెప్పారో మాత్రం మనకు తెలియదు.

మళ్ళీ కరివేపాకు దగ్గరికి వద్దాం. 1825లో స్ప్రెంగెల్ అనే జర్మన్ వృక్షశాస్త్రవేత్త ఈ మొక్కను చూసి, దీనికి వేరే ఇల్లు అక్కర్లేదు, ముర్రయా ఇంట్లో ఇముడుతుంది అన్నాడు. ముర్రయా అంటే తోటల్లో కంచెగా పెంచే, తెల్లని పూలతో గుబాళించే కామిని మొక్క ఇల్లు. రెంటికీ ఈనెకు అటూ ఇటూ చిన్న చిన్న ఆకులు, తెల్లపూలు, చిన్న పండ్లు. పోలిక ఉంది కాబట్టి దత్తత జరిగిపోయింది. పాఠ్యపుస్తకాల్లో పేరు చివర మీరు చూసే గుర్తులు ఈ చరిత్రే. కుండలీకరణంలో ఎల్ అన్న ఒక్క అక్షరం ఉంటుంది, అది లిన్నేయస్. బయట స్ప్రెంగ్ అని ఉంటుంది. లోపలివాడు మొదట పేరు పెట్టినవాడు, బయటివాడు ఇల్లు మార్చినవాడు.

ఆకును వెలుతురుకు పెట్టి చూడండి

ఇంతకీ చుట్టరికం ఎలా తేలుస్తారు? పేరులో వేప ఉంది, ఆకుల అమరికా వేపనే గుర్తుకు తెస్తుంది. మన పెద్దలు ఆ పోలికతోనే పేరు పెట్టి ఉంటారు. ఇప్పుడు లేత కరివేపాకు ఒకటి తుంచి కిటికీ వెలుతురుకు పెట్టండి. ఆకంతా సన్నని చుక్కలు, సూదితో పొడిచారా అన్నంత చిన్నవి, వెలుగును పోనిస్తూ కనిపిస్తాయి. అవి నూనె తిత్తులు. పోపులో వేసినప్పుడు చిటపటమంటూ వాసన లేచేది వాటిలోంచే. నిమ్మాకు, మారేడు దళం, వెలగాకు ఒక్కొక్కటిగా పట్టి చూడండి. అన్నింట్లో అవే చుక్కలు. వేపాకులో ఉండవు. కరివేపాకు నిమ్మ కుటుంబానికి, అంటే రూటేసీకి చెందుతుంది. వేపది మీలియేసీ అనే వేరే కుటుంబం.

నమ్మకం కుదరకపోతే సీతాకోకచిలుకను అడగవచ్చు. పెరట్లో కరివేప మీద ఆకులు కొరికేసే పురుగు ఒకటుంటుంది. చిన్నప్పుడు పిట్టరెట్టలా ఉండి పక్షుల కన్ను కప్పుతుంది, ఎదిగాక ఆకుపచ్చగా మారుతుంది. పుల్లతో కదిపితే తల వెనకనుంచి ఎర్రటి జంట కొమ్ములు బయటికి తోసి ఘాటైన వాసన వదులుతుంది. నిమ్మచెట్టు మీదా మారేడు మీదా కూడా ఇదే పురుగు. దీని తల్లి ఆ కుటుంబపు ఆకుల్ని కాళ్ళతో రుచి చూసి మరీ గుడ్లు పెడుతుంది. వేపచెట్టు వైపు పోదు.

అయితే మన పెద్దల్ని మరీ తీసిపారెయ్యనక్కర్లేదు. ఒక మెట్టు పైకి వెళితే నిమ్మ కుటుంబం, వేప కుటుంబం రెండూ ఒకే క్రమంలో చేరతాయి. మామిడి, జీడిమామిడి, కుంకుడు కూడా అందులోనివే. ఆ క్రమానికి పేరు వచ్చింది కుంకుడు ప్రజాతి నుంచే. జాతులు కలిసి ప్రజాతి, ప్రజాతులు కలిసి కుటుంబం, ఆపైన క్రమం, తరగతి, వర్గం, రాజ్యం: ఈ మెట్లన్నీ పరీక్ష కోసం అందరూ చదివేవే, ఇక్కడ వల్లించను. ఒక్కటి మాత్రం చెప్పాలి. లిన్నేయస్ దృష్టిలో ఇవి దేవుడు సర్దిన అరలు. 1859లో డార్విన్ పుస్తకం వచ్చాక వాటి అర్థమే మారింది. ఒకే కుటుంబం అంటే ఒకే పూర్వీకుల సంతానం. అప్పటినుంచి వర్గీకరణ అంటే వంశవృక్షం గీయడం. పైకి కనిపించే పోలిక ఆధారం మాత్రమే, తీర్పు కాదు. పుట్టగొడుగును చాలాకాలం మొక్కల్లో కలిపేశారు, నిజానికి దానికి మొక్కలకంటే మనమే దగ్గర చుట్టాలం. మొసలికి బల్లికంటే కాకి దగ్గర చుట్టం.

కరివేపాకు విషయంలోనూ పైపోలికే మోసం చేసింది. మొదట రసాయనశాస్త్రవేత్తలకు అనుమానం వచ్చింది. కరివేపలో పుష్కలంగా ఉండే కార్బజోల్ జాతి పదార్థాలు కామిని మొక్కలో దొరకలేదు. తర్వాత డీఎన్ఏ చదివారు. కామినికి నారింజ, నిమ్మలు దగ్గరయ్యాయి. కరివేప మాత్రం క్లాసీనా అనే వేరే గుంపు పక్కకు చేరింది. రెండూ ఒకే ఇంటి పిల్లలు కావన్నమాట. దత్తత రద్దయింది, 1771 నాటి ఇంటిపేరు తిరిగి వచ్చింది. కోనిగీ మాత్రం ఎప్పుడూ కోనిగీయే. కాబట్టి ఇది కొత్త పేరు కాదు, కరివేపాకు మొట్టమొదటి పేరు.

ఒకటా, అయిదా?

ఇంటిపేరు సరే, అసలు ఒక జాతి ఎక్కడ ముగిసి ఇంకొకటి ఎక్కడ మొదలవుతుంది? బంగినపల్లి, చెరకురసం, తోతాపురి రుచిలో, రూపంలో ఎంత వేరైనా ఒకే జాతిలో రకాలు. క్యాబేజీ, కాలీఫ్లవర్, నూల్‌కోల్ కూడా అంతే. మూడింటికీ శాస్త్రనామం ఒక్కటే, బ్రాసికా ఒలరేసియా. ఒకే మొక్కలో మొగ్గను పెంచుకుంటే ఒకటి, పూగుత్తిని పెంచుకుంటే ఒకటి, కాండాన్ని ఉబ్బిస్తే ఇంకొకటి. రూపం చూసి జాతి తేల్చకూడదని దీన్నిబట్టే తెలుస్తుంది.

జీవశాస్త్రవేత్త ఎర్నెస్ట్ మేయర్ 1942లో ఇచ్చిన కొలబద్ద ఎక్కువమంది వాడేది. తమలో తాము కలిసి సంతానం కంటూ, ఇతర గుంపులతో అలా కలవని జీవుల గుంపు ఒక జాతి. గుర్రం, గాడిద కలిస్తే కంచరగాడిద పుడుతుంది, కానీ అది గొడ్డుబోతుంది. కనుక అవి రెండు జాతులు. బాక్టీరియాకు ఈ కొలబద్ద పనికిరాదు, వాటికి ఆడామగా లేవు. అక్కడ జన్యువుల లెక్కే గతి.

ఈ గీతలు ఎక్కడ గీస్తామన్నది పండితుల కాలక్షేపం అనుకునేవారికి ఒక దోమ కథ చెప్పాలి. మన దేశంలో మైదాన గ్రామాలకు మలేరియా మోసేది ప్రధానంగా అనాఫిలిస్ క్యూలిసిఫేసిస్. దశాబ్దాలపాటు దాన్ని ఒకే జాతి అనుకున్నారు. అయినా లెక్క కుదిరేది కాదు. ఒక ప్రాంతంలో ఈ దోమలు దండిగా ఉన్నా మలేరియా ఉండదు, ఇంకోచోట కొద్దిగా ఉన్నా జ్వరాలు విజృంభిస్తాయి. 1980 ప్రాంతం నుంచి వీటి క్రోమోజోముల మీది అడ్డపట్టీలను సూక్ష్మదర్శిని కింద పోల్చడం మొదలుపెట్టాక అసలు సంగతి బయటపడింది. అది ఒక జాతి కాదు, అయిదు. రెక్క, కాలు, మచ్చ, ఏది చూసినా తేడా తెలియదు, కానీ ఒకదానితో ఒకటి కలవవు. ఇలాంటివాటిని తోబుట్టు జాతులు అనుకోవచ్చు. ఏ, బీ, సీ, డీ, ఈ అని అక్షరాలతో పిలుస్తారు. వీటిలో బీ ఎక్కువగా పశువులనే కుడుతుంది, మలేరియా మోయడం దానికి చేతకాదు. బీ మాత్రమే ఉన్న ఊళ్ళో మందు కొట్టడం డబ్బు దండగ.

గుత్తి సాలీడు

పేరు పెట్టేవాడు ఆ పేరుకు ఒక సాక్ష్యం చూపించాలి. ఎండబెట్టిన కొమ్మో, సీసాలో పెట్టిన పురుగో, సూదికి గుచ్చిన దోమో ఏదో ఒక నమూనాను మ్యూజియంలో దాచి, నేను ఈ పేరు పెట్టింది దీనికి అని అచ్చులో ప్రకటించాలి. దీన్ని టైప్ స్పెసిమెన్ అంటారు, మనం సాక్షి నమూనా అందాం. వర్ణనలో తప్పులుండవచ్చు, బొమ్మ సరిగా రాకపోవచ్చు. తగువు వచ్చినప్పుడు సాక్షి నమూనాను బయటికి తీసి చూడటమే.

1899లో పోకాక్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త లండన్‌లో కూర్చుని మెరిసే నీలిరంగు సాలీడుకు పీసిలోథీరియా మెటాలికా అని పేరు పెట్టాడు. సాక్షి నమూనా అనంతపురం జిల్లా గుత్తిలో, రైల్వే కలప అడితిలో దొరికింది. ఆ తర్వాత నూరేళ్ళు ఎవరి కంటా పడలేదు. గుత్తిలో వెతికితే దొరకకపోవడంలో వింతేమీ లేదు. చెట్ల తొర్రల్లో బతికే ఈ సాలీడు కలపతోపాటు రైలెక్కి అక్కడికి చేరి ఉండాలి. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్ళీ కనిపించింది. అది పోకాక్ సాలీడేనని చెప్పగలిగామంటే లండన్ మ్యూజియంలో ఆ నమూనా భద్రంగా ఉండబట్టే. ఇంత అందం దాని ప్రాణం మీదికి తెచ్చింది. పెంపకందార్ల కోసం విదేశాల్లో అమ్ముడవుతోంది, అడవిలో అంతరించే అంచున ఉంది.

సాక్షి నమూనాతోపాటు ఇంకో నియమం తొలిపేరు హక్కు. ఒకే ప్రాణికి ఇద్దరు వేర్వేరు పేర్లు పెడితే ముందు అచ్చయినదే చెల్లుతుంది. ఇల్లు రెండుగా విడిపోతే సాక్షి నమూనా ఎటు ఉంటే పాత ఇంటిపేరు అటే. ఈ చివరి నియమం దగ్గరే పెద్ద గొడవ జరిగింది.

తుమ్మ పేరు ఆస్ట్రేలియా పోయింది

నల్లతుమ్మను మనందరం అకేషియా నైలోటికా అని చదువుకున్నాం. అకేషియా ప్రజాతిని 1754లో మిల్లర్ అనే వృక్షశాస్త్రవేత్త స్థాపించాడు, దానికి సాక్షి ఈ తుమ్మే. కాలక్రమాన ఆ ఇంట్లోకి వెయ్యికి పైగా జాతులు చేరాయి. అందులో అధికభాగం ఆస్ట్రేలియావి, మనకు సుబాబులు పక్కన తోటల్లో కనిపించే ముళ్ళులేని తుమ్మలు ఆ తెగవే. డీఎన్ఏ చూశాక ఇదంతా ఒకే వంశం కాదని తేలింది. ఇల్లు పంచక తప్పలేదు. నియమం ప్రకారం పేరు తుమ్మది. ఆస్ట్రేలియావారు దాదాపు వెయ్యి జాతుల పేర్లు మార్చుకోవాలి. వాళ్ళ జాతీయపుష్పం కూడా అకేషియాయే. సాక్షినే మార్చి ఒక ఆస్ట్రేలియా జాతిని సాక్షిగా పెడితే సరిపోతుందని వాళ్ళు ప్రతిపాదించారు.

2005లో వియన్నాలో జరిగిన అంతర్జాతీయ వృక్షశాస్త్ర మహాసభలో ఓట్లు వేశారు. ఓటర్లలో సగంకంటే ఎక్కువమంది ప్రతిపాదనను కాదన్నారు. అయినా అది గెలిచింది. ప్రతిపాదనను అంతకుముందే సమర్థించిన కమిటీ సిఫారసును తోసిపుచ్చాలంటే 60 శాతం కావాలి, అంత రాలేదు. తమ తుమ్మల పేరు కూడా పోయిందని ఆఫ్రికా శాస్త్రవేత్తలు మండిపడ్డారు. 2011లో మెల్‌బోర్న్ మహాసభ అదే నిర్ణయాన్ని ఖాయం చేసింది. తుమ్మకు కొత్త ఇంటిపేరు వెతకాల్సి వచ్చింది. పాత పుస్తకాలు తిరగేస్తే 1834లో రాబర్ట్ వైట్, ఆర్నాట్ కలిసి దక్షిణ భారత మొక్కల గ్రంథంలో పెట్టిన వాచెల్లియా దొరికింది. వైట్ మద్రాసులో ఈస్టిండియా కంపెనీ కొలువులో వైద్యుడు. అలా మన తుమ్మ ఇప్పుడు వాచెల్లియా నైలోటికా.

నన్నడిగితే వియన్నాలో తుమ్మకు అన్యాయమే జరిగింది. మార్చాల్సిన పేర్ల సంఖ్య తక్కువ కావాలన్న వాదంలో సౌకర్యం ఉంది కానీ, అంగబలం ఉన్నవాడికి నియమం సడలించినట్టయింది. జమ్మి విషయంలో అలా జరగలేదు. 2022లో ప్రోసోపిస్ ఇల్లు పంచినప్పుడు నియమాన్ని తు.చ. తప్పక పాటించారు. 1767లో లిన్నేయస్ ఆ ప్రజాతిని స్థాపించింది మన జమ్మి ఆధారంగానే కనుక జమ్మి ప్రోసోపిస్‌గా ఉండిపోయింది. చెరువుగట్లన్నీ ఆక్రమించిన అమెరికా సర్కారు తుమ్మ నెల్టుమా అయింది.

బడి ఆవరణలో చెట్లకు పలకలు కట్టే ఉపాధ్యాయులకు ఒక మనవి. మీ పలక మీద తుమ్మకు అకేషియా అనో, తంగేడుకు కేసియా అనో ఉంటే చెరిపెయ్యకండి. పాత పేరుతోనే పాత పుస్తకాలు, మ్యూజియంలలోని ఎండు కొమ్మలు, వైద్య గ్రంథాలు అన్నీ వెతకాలి. దాని కింద వాచెల్లియా అనో, సెన్నా అనో చేర్చండి. అన్నిటికంటే పైన, పెద్ద అక్షరాలతో, మీ ఊళ్ళో ఆ చెట్టును ఏమంటారో రాయండి. ఆ ఒక్క పేరే ఏ అంతర్జాతీయ జాబితాలోనూ దొరకదు.